పెద్దనాయన వీణ పుస్తకం, పేటెలో చందాలు

బట్టల వ్యాపారం చేసిన ఇల్లు కాబట్టి మా కాటన్‌పేట ఇంట్లో లెక్క పుస్తకాలకు ఎప్పుడూ కొదవలేదు. అటక మీద ఇప్పటికీ రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. ఈ మధ్య మేమంతా కలిసి రాసిన లెక్క పుస్తకం మాత్రం వేరే రకంది. అందులో అమ్మిన సరుకు లేదు, రావాల్సిన బాకీ లేదు. పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం, ఎన్ని కాపీలు కావాలి, అంతే. మొత్తం 184 పేర్లు. మా పెద్దనాయన రాసిన వీణ చరిత్ర అచ్చు వేయడానికి చందా ఇచ్చినవాళ్ళు వీళ్ళు. ఆ చందాల కథ రాయమని చాలామంది అడిగారు, అందుకే ఇది.

ముందు పెద్దనాయన సంగతి చెప్పాలి. మా ఇంటి నుంచి బళేపేట నడిచిపోయేంత దూరం. వాయిద్యాల అంగళ్ళ వీధి అని బెంగళూరు వాళ్ళకు చెప్పనక్కర లేదు. తమ్ముళ్ళు బట్టలంగడిలో తానులు పరుస్తుంటే పెద్దనాయన అక్కడ పోయి కూర్చునేవాడట. కొన్నాళ్ళు వీణ నేర్చుకున్నాడు. దాని గురించి అడిగితే, "నాకు వాయించేది అబ్బలేదురా, విప్పేది అబ్బింది" అంటాడు. మరమ్మతుకొచ్చిన ప్రతి వీణనూ టేపుతో కొలిచి, దండి ఎంత, కుండ ఎంత, ఏం కొయ్య, బిరడలు ఎట్లా చెక్కారు, యాళి మొహం ఎటు తిరిగింది, అన్నీ నోటుబుక్కుల్లో రాసుకున్నాడు. నలభై ఏళ్ళలో పదకొండు నోటుబుక్కులు నిండాయి. అన్నీ తెలుగే. అక్కడక్కడ కన్నడ మాటలు తెలుగు లిపిలో.

ఆ పుస్తకంలో ఏముందో కొంచెం చెబితేగాని మేము దానికోసం ఎందుకు తిరిగామో అర్థం కాదు. పాత వీణలకు ఒక్కో రాగానికో మేళానికో మెట్లు జరుపుకోవాల్సి వచ్చేది. మెట్లు కదపకుండా అన్ని రాగాలూ పలికించే దారి వెతికిన వాళ్ళలో ముఖ్యుడు రామామాత్యుడు. అళియ రామరాయల కాలంలో, 1550లో, స్వరమేళకళానిధి రాశాడు. అందులో వీణకని ఒక ప్రకరణమే ఉంది. ఆ తర్వాత తంజావూరు. ఇప్పుడు మనం చూసే 24 మెట్ల వీణ రఘునాథ నాయకుడి దర్బారులో కుదిరిందని పెద్దలు చెబుతారు. ఆయన 1600 నుంచి 1634 దాకా ఏలాడు, తెలుగులో కావ్యాలు రాశాడు. అంటే మనం తమిళుల వాయిద్యమనో మైసూరు వాయిద్యమనో వాదించుకునే వీణ పుట్టుకలో తెలుగు రాజుల ఇళ్ళు కూడా ఉన్నాయన్నమాట.

పెద్దనాయనకు రాజులకన్నా వడ్రంగులే ఎక్కువ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు పనసమానును తొలిచి కుండ, దండి అతుకు లేకుండా ఒకే మొద్దులో తీసే ఏకాండి వీణ గురించి ముప్పై పేజీలు రాశాడు. మైసూరు వీణ మీద ఇంకో ఇరవై. వీణ శేషన్న (1852–1926) పేరు చెబితే ఆయన గొంతు మారిపోతుంది. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వీణను సినిమా పాటల దాకా, పిట్టల కూతల దాకా ఎట్లా లాక్కుపోయారో చివర్లో ఉంటుంది.

మాకు అన్నిటికన్నా నచ్చింది మేళం కట్టడం గురించిన భాగం. మైనంలో నల్లపొడి కలిపి కరగబెట్టి, దండి మీద రెండు వైపులా గట్ల మాదిరి పోస్తారు. ఆ గట్ల మీద మెట్లను ఒక్కొక్కటే, చెవితో విని, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి నిలబెడతారు. ఎండ దెబ్బకు మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది, స్వరం చెడుతుంది. మళ్ళీ మేళం కట్టాలి. ఈ పని చెవిలో ఉంటుంది, స్కేలులో ఉండదు. ఇది తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారని పెద్దనాయన దిగులు. ఆయనకూ 83 దాటాయి. ఒక కంటికి పొర తీశారు, రెండో కన్ను సరిగ్గా ఆనదు. మా తొందరకు అదే కారణం.

ఒక ప్రచురణకర్త దగ్గరికి పోయాం. మర్యాదగానే మాట్లాడాడు. "తెలుగులో వీణ చరిత్రా? యాభై కాపీలు పోవు సార్. ఇంగ్లీషులో రాయించండి, బొమ్మలు పెంచండి" అన్నాడు. ఇంకొకరు చేతిరాత ప్రతి తీసుకుని ఏడు నెలలు ఉంచుకుని, కట్టిన దారం కూడా విప్పకుండా తిరిగిచ్చారు.

అప్పుడొచ్చాడు మా దూరపు బంధువు ఒకాయన. పేరు చెప్పం, చదువుతూ ఉంటాడు. ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నాడు. షరతులు రెండు. పుస్తకం వాళ్ళ నాయన గారికి అంకితం ఇవ్వాలి, మొదటి పేజీలో ఫొటో. దానికి పెద్దనాయన ఒప్పుకున్నాడు. రెండోది, వాళ్ళింట్లో ఉన్న వీణ రఘునాథ నాయకుడి దర్బారు నుంచి వంశపారంపర్యంగా వచ్చిందని ఒక అధ్యాయం రాయాలి. పెద్దనాయన పోయి ఆ వీణను చూశాడు. గంటసేపు కొలిచాడు, టార్చిలైటు వేసి లోపలికి చూశాడు. బయటికొచ్చి, "వీణ మంచిదే నాయనా, దంతపు పని బాగుంది. మెడ లోపల మరమేకులున్నాయి. రఘునాథ నాయకుడి వడ్రంగికి మరమేకులు ఎవరిచ్చారంటావు?" అన్నాడు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన గొడవ చిన్నది కాదు. సగం మందిమి ఒక అధ్యాయమే కదా, "అని ఆ ఇంటివారి నమ్మకం" అని రాసేస్తే పోలేదా అన్నాం. ఆయన కన్ను పోకముందు పుస్తకం చేతికి రావాలి, చరిత్రలో ఇట్లాంటివి వెయ్యి ఉన్నాయి, ఇదొకటి. మిగతా సగం ఒప్పుకోలేదు. పెద్దమ్మ మాత్రం, "నలభై ఏండ్లు టేపు పట్టుకుని తిరిగింది ఒక అబద్ధం రాసేదానికా? ఆ టేపు నేనే పారేస్తా ఉండు" అంది. దాంతో మాట ఆగిపోయింది. ఆ బంధువుతో మాటలు ఇప్పటికీ పొడిపొడిగానే ఉన్నాయి.

చందాల ఆలోచన మా అమ్మాయిలది. అమెరికాలో 2009లో కిక్‌స్టార్టర్ మొదలయ్యాక జనం దగ్గర పోగుచేసి పుస్తకాలు, పాటలు, సినిమాలు తీయడం మామూలైపోయిందని, మన బెంగళూరులోనే 2010లో మిలాప్ పుట్టిందని చెప్పారు. పెద్దనాయన విని, "దీనికి క్రౌడ్‌ఫండింగ్ అని పేరా? మన వాళ్ళు చందా అనేవాళ్ళు" అని నవ్వాడు. ఆపైన చిన్నస్వామి మొదలియారు కథ చెప్పాడు.

మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగి ఆయన, క్రైస్తవుడు. మన కృతులు ప్రపంచమంతా చదవాలని వాటిని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించి, 1892 ప్రాంతంలో సంచికలుగా అచ్చు వేయడం మొదలుపెట్టాడు. చందాదారులు చాలినంత మంది దొరకలేదు. ఆస్తి కరిగింది, రాత్రింబగళ్ళు స్వరాలు రాసి చూపు కూడా దెబ్బతిన్నదంటారు. కృతులకోసం ఆయన పట్టుకున్న మనిషి ఎట్టయపురం సుబ్బరామ దీక్షితులు. తన పని సాగదని తెలిశాక మొదలియారు ఎట్టయపురం రాజావారిని కలిసి, దీక్షితుల దగ్గరున్నదంతా అచ్చు వేయించమని ఒప్పించాడు. అట్లా 1904లో వచ్చింది సంగీత సంప్రదాయ ప్రదర్శిని. గమకాలకు గుర్తులు, వాటికి ప్రత్యేకంగా పోసిన అచ్చులు, వందల పేజీలు. తమిళదేశం నడిమధ్యన అచ్చైన ఆ పుస్తకం లిపి తెలుగు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ దాన్ని తమిళంలో 1961 నుంచి సంపుటాలుగా తెచ్చింది. దీక్షితులు 1906లోనే పోయాడు. రెండేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ పుస్తకం ఆయన చేతికి వచ్చేది కాదు.

ఈ కథలో మాకు కావలసింది ఎవరికి కావలసింది వాళ్ళం ఏరుకున్నాం. ఒకే రాజు దొరికితే పని అవుతుందని కొందరు, ఆ రాజు మరమేకులు దాచమని అడగలేదు కదా అని కొందరు. పెద్దనాయన ఏరుకున్నది ఇంకొకటి. "బెంగళూరులో తెలుగెవరు చదువుతారు అని మళ్ళీ అడగొద్దండి" అన్నాడు.

వెబ్‌సైటు దారి పట్టలేదు. కమిషన్ పోతుంది, పైగా మా చందాదారుల్లో సగం మంది అరవై దాటినవాళ్ళు. వాట్సాప్‌లో ఒక పేజీ మనవి, ఫోన్‌పే నంబరు, ఇంట్లో నోటుబుక్కు. నియమాలు మేమే పెట్టుకున్నాం. ఒకరి దగ్గర 5,000 రూపాయలకు మించి తీసుకోకూడదు, ఎంత ఇచ్చినా పేరు ఒకే సైజు అక్షరాల్లో, అకారాది క్రమంలో. 500 ఇస్తే ఒక కాపీ. అవసరమైంది 1,26,000 రూపాయలు: డెమీ సైజులో 12 ఫారాలు, అంటే 192 పేజీలు, 16 పేజీల రంగు ఫొటోలు, 300 కాపీలు.

మొదటి నెల బాగా వచ్చింది. రెండో నెల ఎండిపోయింది. మళ్ళీ కదిలింది కరగ పండుగకే. చైత్ర పున్నమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరిన కరగ తెల్లవారేలోపు పేటెలన్నీ తిరుగుతూ మా కాటన్‌పేట మస్తాన్ దర్గాకు వస్తుంది కదా, ఆ రాత్రి చుట్టాలంతా మా మిద్దె మీదే. నిద్ర పట్టని జనం, వేడి కాఫీ, చేతిలో లెక్క పుస్తకం. కరగ దర్గా దాటేలోపు 31 మంది రాయించారు. బళేపేట అంగళ్ళలో ఒకాయన 100 రూపాయలు ఇచ్చి, "మీ పెద్దాయన నా తండ్రి చేతి పని కొలిచి పెట్టుకున్నాడు, నాకు అది చాలు, కాపీ ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాడు. కాపీ ఆయనకే ఇచ్చాం. మొత్తం 1,31,500 చేరింది.

తగాదా ఇంకొకటి మిగిలింది, లిపిది. చందా ఇచ్చిన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. బడిలో కన్నడ చదివారు. కన్నడ లిపిలో తెలుగు అచ్చు వేద్దామని ఒకరు, రెండు భాషల్లోనూ వేద్దామని ఒకరు. దుడ్డు అంత లేదు. చివరికి పుస్తకం తెలుగులోనే, ఫొటోల కింద వివరాలు మాత్రం తెలుగు, కన్నడ రెండింట్లో. అక్షరాలు అక్కాచెల్లెళ్ళే కాబట్టి మా పిల్లోడొకడు కన్నడ వివరాన్ని పక్కన పెట్టుకుని తెలుగుది కూడబలుక్కుని చదివేశాడు. వాడికి ఇప్పుడు మెట్లు, బిరడలు, గుర్రం, సొరకాయ అనే మాటలు చదవటం వచ్చు. ఇంకేమీ రాదు.

ప్రూఫులు పెద్దనాయనకు చదివి వినిపించాం, ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని. కామా దగ్గర ఆగకపోతే తిట్టేవాడు. ఏకాండి అధ్యాయంలో ఒక కొలత దగ్గర ఆగి, ఏడో నోటుబుక్కు తెమ్మని, ఆ పేజీ మాతో రెండుసార్లు చదివించుకుని, సరే పో అన్నాడు.

పుస్తకాలు ఆటోలో వచ్చిన రోజు ఆయన పైకాపీ తీసి, ముందు వాసన చూసి, తర్వాత వేలితో అట్ట మందం కొలిచాడు. 246 కాపీలు చందాదారులకు పంపాం, 20 గ్రంథాలయాలకు, సంగీత కళాశాలలకు ఇచ్చాం. మిగిలినవి 34, ట్రంకుపెట్టెలో లెక్క పుస్తకాల మీద ఉన్నాయి. కావలసినవాళ్ళు ఇంటికి రావచ్చు. వచ్చేటప్పుడు మీ ఇంట్లో పాత వీణ ఏదైనా ఉంటే ఫొటో తెండి, మెడ లోపలిది కూడా. పన్నెండో నోటుబుక్కు మొదలైంది, ఈసారి ఆయన చెబుతుంటే మేము రాస్తున్నాం.