రెండో భాగం పాటలు, క్యాసెట్ రెండో వైపు

'స్టేయింగ్ అలైవ్' అనే ఇంగ్లీషు సినిమా 1983లో వచ్చింది. 1977లో వచ్చిన 'సాటర్‌డే నైట్ ఫీవర్'కి అది రెండో భాగం. బాహుబలి 2, పుష్ప 2 చూసిన మనకు రెండో భాగాలు కొత్త కాదు. మొదటి సినిమాలో టోనీ బ్రూక్లిన్‌లో పెయింట్లు అమ్మే అంగడిలో పని చేస్తాడు, శనివారం రాత్రి డిస్కోలో మాత్రం అతడే రాజు. రెండో దాంట్లో పెద్ద నాటకశాలలో డాన్స్ చేయాలని మన్‌హట్టన్ చేరి అవకాశాల కోసం తిరుగుతాడు. రెండింట్లోనూ హీరో జాన్ ట్రవోల్టా. రెండోది తీసింది రాకీ సినిమాల సిల్వెస్టర్ స్టాలోన్. నేను రాసేది ఆ సినిమా గురించి కాదు, దాని పాటల క్యాసెట్ గురించి.

అది కృష్ణగిరిలో మా తాత పెట్టెలో ఉండేది. తాత హోసూరు సిప్కాట్‌లో పనికి చేరిన కొత్తలో, షిఫ్టు లేని రోజు బస్సెక్కి బెంగళూరు పోయి కొన్నాడంట. అప్పట్లో ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. పెళ్లిళ్లు, జాతరలు, చంద్రచూడేశ్వరుని తేరు, యాడ పిలిస్తే ఆడికి పోయేవాళ్లు. మొన్న ఇల్లు మారేటప్పుడు మామ ఆ పెట్టెను పాత సామాన్లకు వేసేద్దామన్నాడు. తాత కూడా, "పోనీరా, ఇంకెవురు వింటారు" అన్నాడు. నేను వింటానన్నాను. మామ కొడుకు ఇంగ్లీషు మీడియం. "తెలుగు మీడియం దానివి, నీకేం అర్థమవుతాయి?" అని నవ్వాడు. నాకు భలే కోపం వచ్చింది. తాత కూడా తెలుగు బడిలో చదివినవాడే. "మేము మాటలు తెలిసి వాయించినామా? దెబ్బ తెలిస్తే చాలు" అన్నాడు వాడితో.

రౌండానా దగ్గర రిపేరు అంగట్లో టేప్ రికార్డర్‌కి కొత్త బెల్టు వేయించాము.

మొదటి వైపంతా బీ జీస్ పాటలే. వాళ్లు బారీ, రాబిన్, మారిస్ అనే ముగ్గురు అన్నదమ్ములు. మొదటి సినిమా ఆల్బమ్ అమెరికాలో వరుసగా 24 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ తర్వాత జనానికి డిస్కో అంటే మొహం మొత్తింది. 1979 జూలై 12న చికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్ప పోసి పేల్చేశారు కూడా. పాట నచ్చకపోతే వినకుండా ఉండొచ్చు కదా, పేల్చడం దేనికో! అందుకేనేమో, రెండో సినిమాకు వాళ్ల పాటలు సగం క్యాసెట్టే. కొత్తవి ఐదు, చివర్లో పాత 'స్టేయిన్ అలైవ్' ముక్క ఒకటిన్నర నిమిషం. ఈ వైపు బాగా అరిగిపోయి గొంతులు వంకర పోతున్నాయి. కొత్త పాటలు తీయగానే ఉన్నాయి, కానీ పిలవని పెళ్లికి వచ్చినవాళ్లలా జాగ్రత్తగా పాడినట్టు అనిపించింది.

రెండో వైపు తిప్పితే శబ్దం కొత్తదానిలా ఉంది. తాత ఆ వైపు వేసిందే తక్కువ. 'ఫార్ ఫ్రమ్ ఓవర్' అనే పాటతో మొదలవుతుంది. పాడినవాడు డైరెక్టరు తమ్ముడు ఫ్రాంక్ స్టాలోన్. తమ్ముడు కాబట్టి ఇచ్చారనుకోవచ్చు, మన సినిమాల్లో చూడనిదా! అయినా ఆ పాట అమెరికా పట్టికలో 10వ స్థానం దాకా పోయింది. బీ జీస్ 'ది ఉమన్ ఇన్ యూ' 24 దగ్గరే ఆగింది. టోనీ పరుగు, ఆకలి నాకు ఈ పాటలోనే వినిపించాయి. డిక్షనరీ పెట్టుకుని మాటలు వెతికాను. అర్థం తెలిశాక విన్నా, తెలియక ముందు విన్నదానికి పెద్ద తేడా లేదు. హీరోయిన్ సింథియా రోడ్స్ కూడా ఈ వైపు సొంతంగా ఒక పాట పాడింది.

రెండో వైపే బాగుందని చెబితే తాత ఒప్పుకోలేదు. "దాంట్లో దెబ్బ నిలకడగా లేదు. 'స్టేయిన్ అలైవ్' చూడు, గడియారం మాదిరి" అన్నాడు. అప్పుడు నేను చదివింది చెప్పాను. ఆ పాట రికార్డు చేసేటప్పుడు వాళ్ల డ్రమ్మర్ ఇంటి కష్టం వల్ల ఊరికి పోయాడు. వేరే పాటలో అతడు వాయించిన చిన్న ముక్కను టేపు మీద కోసి, చుట్టలా అతికించి, అదే మళ్లీ మళ్లీ తిరిగేలా చేశారు. నిమిషానికి సుమారు 103 దెబ్బలు. ఆగిన గుండెను నొక్కడం నేర్పేటప్పుడు కూడా ఆ పాట వాడతారు. తాత కొంచేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ నిలకడ రాలేదని మా ఆర్కెస్ట్రాలో నన్ను ఎంత తిట్టినారు పాపా! మనిషి కాదా వాయించింది?" అన్నాడు.

ఇంకో సంగతి. అక్కడ పేల్చేసిన డిస్కోకి ఇక్కడ అప్పుడే గిరాకీ మొదలైంది. 1982లో హిందీలో మిథున్ 'డిస్కో డాన్సర్', దాన్నే 1984లో తెలుగులో బాలకృష్ణతో 'డిస్కో కింగ్', 1985లో తమిళంలో నాగేష్ కొడుకు ఆనంద్‌బాబుతో 'పాడుం వానంపాడి'. హోసూరులో మూడు భాషల్లోనూ అడిగేవాళ్లంట. "మాకు రాత్రి రెండు దాకా వదిలేవాళ్లు కాదు" అంటాడు తాత. నాలుగైదేళ్లు అలా నడిచి, తర్వాత పిలుపులు తగ్గాయి. డ్రమ్స్ అమ్మేసి మా అమ్మ బడి ఫీజు కట్టాడు. ఇది నాకు అమ్మే చెప్పింది, తాత ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన వారం సింథియా రోడ్స్ పాట మధ్యలో టేపు చిక్కుకుంది. తాత, నేను పెన్సిల్‌తో మెల్లగా చుట్టి లాగాము. ఇప్పుడు ఆ చోటికి వచ్చేసరికి రెండు సెకన్లు పాట నలిగి వినిపిస్తుంది, తర్వాత మళ్లీ సరిగ్గా పోతుంది.