రాజాం చేరని కబురు

బొబ్బిలి అనగానే తెలుగువాడికి తాండ్ర పాపారాయుడి కత్తి కళ్ళముందు తళుక్కుమంటుంది. ఆ వెనుకనే వీణానాదం వినిపిస్తుంది. దగ్గరలోని గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి వీణగా మలిచే పనివారి చేతి చలువ అది. కత్తీ గొప్పదే, వీణా గొప్పదే. కాని ఈసారి బొబ్బిలి వెళ్ళినప్పుడు నా మనస్సు మూడోదాని మీదకు పోయింది. అది కబురు.

విజయనగరం నుంచి రాయపూరు వైపు సాగే రైలుమార్గంలో బొబ్బిలి ఒక జంక్షను. సాలూరు దారి ఇక్కడే చీలుతుంది. డిగ్రీ విద్యార్థులను పదిమందిని వెంటబెట్టుకుని పాసింజరెక్కాను. ఎదుటి బల్లమీద ఒక పెద్దాయన కూర్చున్నారు. సైన్యంలో సిగ్నల్సు దళంలో హవల్దారుగా చేసి వచ్చేశారట. మేము చూడబోయేది యుద్ధభూమి అని తెలియగానే ఆయన నవ్వి, “బొబ్బిలి ఓడింది ఫిరంగులకే కాదు మేస్టారూ! కబురందక కూడా ఓడింది” అన్నారు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు విజయరామరాజుతో కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాడు. రంగారాయుడికీ బుస్సీకీ నడుమ నడిచిన మాటలు దుబాసీల నోట వంకరలు పోయాయని జనం చెప్పుకుంటారు. పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడు. రాజాం ఎంత దూరం? సుమారు ముప్ఫై కిలోమీటర్లు. అయినా కోటలోంచి పంపిన కబురు అతనికి సకాలంలో అందలేదని కథలు చెబుతాయి. అతను వచ్చేసరికి కోటలో మిగిలింది బూడిద. కొద్దిరోజులకే అతను విజయరామరాజును డేరాలో చంపి పగ తీర్చుకున్నాడు. పగ తీరింది గాని కోట లేవలేదు.

“మీ సైన్యంలో ఇప్పుడు కబురు దారి తప్పదా?” అని అడిగాను.

“తప్పకుండా ఉండడానికే కదండీ అంత చదువు! విన్నవాడు విన్నది తిరిగి అప్పజెప్పాలి. అందిందని జవాబు వచ్చేదాకా పంపినవాడి పని అయినట్టు కాదు” అన్నారాయన.

ఆ చదువుకు పెద్ద చరిత్రే ఉంది. మొదట్లో సైనిక సంకేతాల పని సాపర్ల చేతిలో ఉండేది. 1911 ఫిబ్రవరి 15న దానికి ప్రత్యేక దళం ఏర్పడింది. జెండాలతో, ఎండను అద్దంలో పట్టి మెరిపించే సాధనాలతో, తంతితీగలతో మొదలైన విద్య రేడియో మీదుగా ఉపగ్రహాల దాకా వచ్చింది. సిపాయిలు జబల్పూరులో శిక్షణ పొందితే, అధికారులకు మధ్యప్రదేశ్‌లోని మౌ కంటోన్మెంటు గురుకులమయింది. అంబేద్కర్ పుట్టిన ఊరు అదే. 1946లో అక్కడ వెలసిన సిగ్నల్సు పాఠశాల 1967లో మిలిటరీ కాలేజ్ ఆఫ్ టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ అయింది. ఆ దళం నినాదం “తీవ్ర చౌకస్”. తీవ్రమంటే మనకు తెలిసిందే, వేగం. చౌకస్ అంటే జాగ్రత్త. వేగంగా పోవాలి, భద్రంగానూ చేరాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఏమవుతుందో బొబ్బిలివారిని అడగాలి.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కనుక నాకు వెంటనే హనుమంతుడు గుర్తుకు వచ్చాడు. కిష్కింధలో రాముడు మొదట మెచ్చుకున్నది అతని భుజబలాన్ని కాదు, మాటలోని శుద్ధిని. రాయబారికి అదే ఆయుధమని మన పెద్దలకు ఏనాడో తెలుసు.

మా బృందంలో రాజాం ప్రాంతపు అమ్మాయి ఒకతె ఉంది. అప్పటిదాకా మౌనంగా విన్నది కాస్తా, “ఆ కాలేజీలో ఆడపిల్లల్ని చేర్చుకుంటారా తాతగారూ?” అంది. ఆయన సంతోషించి, డిగ్రీ పూర్తికాగానే రాయవలసిన పరీక్ష సంగతి, ముందు చెన్నైలో జరిగే శిక్షణ సంగతి, ఆ తరువాత సిగ్నల్సులోకి దారి పడే సంగతి వరసగా చెప్పారు. స్త్రీలు ఆ దళంలో అధికారులై చాలాకాలమే అయిందన్నారు. ఆమె నోటుబుక్కులో వ్రాసుకుంటూంటే నేను చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని అంతకు వారం ముందే నాతో చెప్పి కళ్ళు తుడుచుకున్న పిల్ల అది.

బొబ్బిలిలో దిగి నడిచాం. యుద్ధం జరిగినచోట స్మారకస్తంభం నిలిచి ఉంది. పిల్లలకు నేనొక మాట చెప్పాను: విజయనగరం దగ్గర కోరుకొండలో, ఒకనాటి రాజభవనంలో, 1962 జనవరి 18 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. బొబ్బిలి పిల్లలైనా విజయనగరం పిల్లలైనా అక్కడ ఒకే బంతిలో భోజనం చేస్తారు, ఒకే జెండాకు వందనం చేస్తారు. పాత పగకు ఇంతకంటే మంచి ముగింపు ఏముంటుంది?

స్తంభం చుట్టూ తిరిగి వస్తూ ఆ అమ్మాయి, “కోటలోంచి కబురు పట్టుకుని బయలుదేరినవాడి పేరేమిటి మేస్టారూ?” అని అడిగింది. నేను విన్న కథల్లో అతని పేరెక్కడా లేదు. కత్తి పట్టినవాడి పేరు నిలిచింది, కబురు పట్టినవాడి పేరు మాసిపోయింది. ఆ పని నేర్పడానికే ఇవాళ దేశం ఒక కాలేజీ నడుపుతోందంటే, పేరులేని ఆ బంటుకు ఆలస్యంగానైనా కట్టిన స్తంభం అదేననిపించింది.