కరక్కాయ బిల్లు

జాతకాలను వెక్కిరించే నేనే ఒక తప్పు చేశాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి కనక ఒప్పుకోక తప్పదు.

2020 జులైలో ఢిల్లీ ఐఐటీ నుంచి ఒక వార్త వచ్చింది. ప్రొఫెసర్ అశోక్ కుమార్ పటేల్ బృందం 51 ఔషధ మొక్కల్ని పరీక్షించింది. కరోనా వైరస్ పెరగటానికి అవసరమైన ఒక ఎంజైమును తేయాకు, కరక్కాయ సారాలు నిరోధించాయి. చెప్పింది నాటువైద్యుడు కాదు, ఐఐటీ! ద్వారకాలో ఉన్న మా బావగారికి ఫోన్లో చదివి వినిపించాను.

2021 మార్చిలో అరవై దాటినవాళ్ళకు టీకాలు మొదలయ్యాయి. "నాకు కరక్కాయ ఉందిగా" అన్నారాయన. ఏప్రిల్లో ఆక్సిజన్ కోసం ఊరంతా తిరిగాం. బతికారు. ఇప్పటికీ రెండో అంతస్తు ఎక్కితే ఆయాసమే.

పరిశోధకుల తప్పేమీ లేదు. వాళ్ళు మందు దొరికిందనలేదు, మందు కావచ్చన్నారు. ఎంజైము ఆగింది గాజుగొట్టంలో. రోగి ఒంట్లో కాదు. పనిచేసిందన్న గాలోటానిన్ ఒక టానిన్. టానిన్లు చాలా ప్రోటీన్లకు అంటుకుంటాయి. కరక్కాయ నమిలితే నోరు వగరెక్కేది అందుకే.

అలాగని ఇలా జల్లెడ పట్టటం వృథా కాదు. జపాన్‌లో అకిరా ఎండో వేలాది బూజుల్ని వడగట్టి, కొలెస్టరాల్ తయారుచేసే ఎంజైమును ఆపే పదార్థాన్ని 1973లో పట్టుకున్నాడు. ఆ కోవలో మొదటి మందు అమ్మకానికొచ్చింది 1987లో. మధ్యలో గడిచిందంతా ఆడిట్టే. నేను బిల్లు అందిన రసీదు చూసి డబ్బు చెల్లించేశాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక బావగారు ఒక్కటే మాటన్నారు: "నువ్వు ఏదీ ఊరికే నమ్మవు కదా, అందుకే నమ్మాను."