చాపని చేయి

కుష్ఠువ్యాధిని గురించి నేను పాఠశాలలలోను, మహిళా సంఘాల సమావేశాలలోను చాలాసార్లు మాట్లాడాను. లక్షణాలు, మందులు, వైకల్య నివారణ, ఈ మూడూ వివరించి, ప్రశ్నలకు సమాధానాలు చెప్పి ఇంటికి వచ్చేవాణ్ణి. ఒక్క విషయం మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అది ఆ వ్యాధికి సంబంధించినది కాదు, నాకు సంబంధించినది. ఇప్పుడు నాకు డెబ్బయి రెండేళ్ళు. ఇంకా దాచుకొని ప్రయోజనం లేదు.

1984లో నేను కోస్తాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా చేరాను. రెండు గదుల పెంకుటిల్లు, ముందు ఒక వేపచెట్టు, దాని చుట్టూ రోగులు కూర్చునే అరుగు. ఊరి చివర చిన్న చర్చి. మాది మూడు తరాలుగా విశ్వాసుల కుటుంబం. కుటుంబ ప్రార్థన కానిదే అమ్మ రాత్రి అన్నం వడ్డించేది కాదు. సండే స్కూలులో వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి. అందువలన ఆ ఊరు చేరిన మొదటి ఆదివారమే ఆరాధనకు వెళ్ళాను. రెండవ నెలకే సంఘపెద్దలు నా చేత వేదపఠనం చేయించసాగారు. డాక్టరుగారు చదివితే బాగుంటుందని వారి అభిప్రాయం. నాకూ అదే అభిప్రాయం ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. ద్వారం పక్కన, చాప అంచున కూర్చునేవాడు. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకొనిపోయాయి, పాదానికి ఎప్పుడూ ఒక గుడ్డ కట్టు. కీర్తన పాడేటప్పుడు మాత్రం ఆయన గొంతు చర్చి అంతటా వినబడేది. ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం అందరూ పుచ్చుకొన్న తరువాత, ఆఖరున, ఆయన లేచి బల్ల దగ్గరకు వచ్చేవాడు. అప్పట్లో అందరికీ ఒకటే పాత్ర. ఆయనను చివరగా రమ్మని ఎవరూ చెప్పలేదు. ముందుగా రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. ఆయన చివరగా రావడం చూసి నా మనస్సులో ఒక చిన్న ఊరట కలిగేది. ఆ ఊరటను నేను ఆ రోజులలో పరిశీలించలేదు.

నెలకొకసారి ఆయన ఆసుపత్రికి వచ్చేవాడు. బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో సిఫారసు చేశారు గాని, అది మా ప్రాంతానికి ఇంకా చేరలేదు. డాప్సోన్ బిళ్ళలే ఇచ్చేవాళ్ళం. ఎవరు వచ్చినా నాడి పట్టి, కన్ను లాగి, నాలుక చూసి మందు వ్రాసే నేను, ఆయనకు మాత్రం ఎదురుగా నిలబెట్టి వ్రాసేవాణ్ణి. బిళ్ళల పొట్లాన్ని బల్ల మీద పెట్టి కలం చివరతో ఆయన వైపు నెట్టేవాణ్ణి. కట్టు మార్చే పని కాంపౌండరుది. ఒకరోజు కలం జారి పొట్లం కింద పడబోయింది. ఆయన దానిని ఎడమచేతితో ఆపి, "ఫరవాలేదు బాబుగారూ, మీరు దూరంగానే పెట్టండి, నేను తీసుకుంటాను" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. నాకు ఇబ్బంది కలగకుండా చూడాలన్న మర్యాద ఉంది. నిష్ఠూరమే అయితే నేను సులువుగా మరచిపోయి ఉండేవాణ్ణి.

నాకు తెలియక చేసిన పని కాదు ఇది. ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడని చదివాను. నూటికి తొంభై అయిదుగురికి పైగా మనుషులకు దానిని తట్టుకొనే శక్తి సహజంగానే ఉంటుందని చదివాను. ఏళ్ళ తరబడి మందు వాడుతున్న ఆ పెద్దాయన చేతిని పట్టుకొంటే నాకు ఏమీ కాదని పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తల ఒప్పుకొంది, చేయి ఒప్పుకోలేదు. విద్య వలన అసహ్యం పోతుందని మనం అనుకుంటాము. భక్తి వలన పోతుందని మరికొందరు అనుకుంటారు. నా విషయంలో రెండూ ఉండి కూడా పోలేదు.

ఒక ఆదివారం నాకు వచ్చిన పాఠం మార్కు సువార్త మొదటి అధ్యాయం చివరిభాగం. కుష్ఠువ్యాధి ఉన్న ఒకడు యేసు ఎదుట మోకాళ్ళూని, నీకు ఇష్టమైతే నన్ను శుద్ధుణ్ణి చేయగలవని వేడుకొనే ఘట్టం. ఆ కాలంలో అటువంటివాడు ఊరి బయట బ్రతకాలి, ఎవరైనా ఎదురైతే తాను అపవిత్రుడనని కేకవేసి చెప్పాలి. లేవీయకాండము 13వ అధ్యాయంలోని నియమం అది. (అక్కడ కుష్ఠు అని మనం అనువదించుకొన్న హెబ్రీ మాట నేటి కుష్ఠువ్యాధి ఒక్కదానికే వర్తించదు. అనేక చర్మరోగాలకు, బట్టలకు, ఇంటి గోడలకు పట్టే మరకలకు కూడా అదే మాట వాడారు. బైబిలు చూపించి ఈ రోగులను దూరం పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.) ఈ కథను నేను చిన్ననాటి నుండి విన్నాను. కాని అందులోని క్రమాన్ని గమనించలేదు. యేసు ముందు చేయి చాపాడు, ముట్టుకున్నాడు. స్వస్థత మాట ఆ తరువాత వచ్చింది. అంటే ముట్టుకొన్న క్షణానికి ఆ మనిషి ఇంకా శుద్ధుడు కాలేదు. మాటతోనే బాగుచేయగలవాడు ముట్టుకోవలసిన అవసరం ఏమిటి? ఏళ్ళుగా మనిషి స్పర్శ ఎరుగని ఆ దేహానికి ముందుగా కావలసింది అదేనేమో.

ఆ పెద్దాయన ద్వారం దగ్గర కూర్చొని వింటూ ఉండగా నేను ఈ పాఠాన్ని ఎక్కడా తడబడకుండా, స్పష్టమైన ఉచ్చారణతో చదివాను. కూటము అయ్యాక ఇద్దరు ముగ్గురు మెచ్చుకొన్నారు కూడా. గొంతు కొంచెమైనా వణకలేదన్నదే ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

మరుసటి వారం కుష్ఠు నియంత్రణ విభాగం నుండి ఒక పారామెడికల్ కార్యకర్త గ్రామ తనిఖీకి వచ్చాడు. సైకిలు మీద తిరిగే మనిషి, సంచిలో ఒక దూది పొట్లం, ఒక సూది, రిజిస్టరు. ఆయన చర్చికి వచ్చేవాడు కాదు. ఏ దేవుణ్ణి కొలిచేవాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా వేపచెట్టు కింద ఆ పెద్దాయనను అరుగు మీద కూర్చోబెట్టి, రెండు చేతులనూ తన ఒడిలోకి తీసుకొని, మోచేతి లోపలి అంచున నరాన్ని వేలితో తడుముతూ మాట్లాడసాగాడు. పిల్లలెంతమంది, పొలం పని ఉందా, రాత్రి నిద్ర పడుతున్నదా అని. నేను వెనుక నిలబడి చూస్తున్నాను. "చేతికి తొడుగు వేసుకోవా?" అని అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, "ముట్టుకోకుండా నరం ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడు.

తరువాత ఆ ఎడమ మోచేతిని నాకు చూపించాడు. అక్కడ నరం తాడులా లావెక్కి ఉంది. నొక్కితే పెద్దాయన ముఖం ముడుచుకొంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు అప్పటికే కొంచెం వంగాయి. ఎప్పటి నుండి అని అడిగితే, సంక్రాంతి ముందు నుండి అన్నాడు పెద్దాయన. అప్పుడు భాద్రపదం. నరం వాచిన కొత్తలో, అంటే ఆరు నెలల లోపల, ప్రెడ్నిసొలోన్ మొదలుపెడితే చాలా చేతులను కాపాడవచ్చు. ఆ ఎనిమిది నెలలూ ఆయన నెలనెలా నా బల్ల ముందుకు వచ్చాడు. నేను మోచేతిని ఒక్కసారి తడిమి ఉంటే తెలిసేది. నేను కలంతో పొట్లం నెడుతూ కూర్చున్నాను.

మందు మొదలుపెట్టాము. నొప్పి తగ్గింది. వేళ్ళు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. కుడిచేయి ఎప్పుడో పోయిన మనిషికి ఎడమచేతిలో రెండు వేళ్ళు పోవడమంటే ఏమిటో, అన్నం కలుపుకొని తినే మన దేశంలో ఎవరికీ వివరించనక్కరలేదు.

ఆ రోజులలోనే డాక్టర్ పాల్ బ్రాండ్ గురించి చదివాను. తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు 1914లో జన్మించి, లండనులో శస్త్రవైద్యం నేర్చి, వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చినవాడు. వచ్చిన కొత్తలో చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, వేళ్ళు ముడుచుకొనిపోయిన ఒక రోగి చేతిలో తన చేయి పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. రోగి నొక్కితే బ్రాండ్‌కు నొప్పి పుట్టింది. చచ్చిపోయిందనుకొన్న ఆ చేతిలో అంత బలం ఉంది. అంటే కొన్ని కండరాలు మాత్రమే పడిపోయాయి, మిగిలినవి చక్కగా ఉన్నాయి. ఆ మిగిలిన కండరాల స్నాయువులను మార్చి కలిపి ముడుచుకొన్న వేళ్ళను తిరిగి తెరిపించే శస్త్రచికిత్సలకు ఆ కరచాలనం నాంది పలికింది. ఈ రోగులకు వేళ్ళు వాటంతట అవి రాలిపోవని, నొప్పి తెలియకపోవడం వలన కాలిన గాయాలు, కోతలు, పుండ్లు ముదిరి అరిగిపోతాయని కూడా ఆయన నిరూపించాడు. గదిలో ఇతరులు చూడని దానిని ఆయన చూడగలగడానికి తెలివి ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. ఆయన చేయి ఇచ్చాడు.

నేను మొదటిసారి ఆ పెద్దాయన పాదానికి స్వయంగా కట్టు కట్టిన రోజున నా మనస్సులో జాలి, ప్రేమ పొంగిపొరలాయని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఒళ్ళు బిగుసుకొంది. పని కాగానే సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. తరువాతి నెల రెండుసార్లు. ఆ తరువాత ఎన్నిసార్లో లెక్కపెట్టడం మరచిపోయాను. ఎప్పుడు మరచిపోయానో కూడా గుర్తు లేదు. నా జీవితంలో వచ్చిన మార్పులలో నేను నమ్మేది ఈ ఒక్కదానినే. ప్రార్థన కూటాలలో కన్నీటితో చేసిన తీర్మానాలు చాలా ఉన్నాయి, అవి వారం నిలిచేవి కావు.

ఒకనాడు ధైర్యం చేసి ఆయనను క్షమాపణ అడిగాను. నేను ముందే చూసి ఉంటే ఈ వేళ్ళు నిలిచేవని చెప్పాను. ఆయన కొంతసేపు తన ఎడమచేతిని చూసుకొన్నాడు. "మందు ఇచ్చారు గదా బాబుగారూ" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయిందా అని అడిగాడు. ఆయన క్షమించాడో లేదో నాకు తెలియదు.

తరువాతి సంస్కారపు ఆదివారం నేను వెళ్ళి ఆయన పక్కన చాప మీద కూర్చున్నాను. అందరూ లేచి వెళ్ళినా లేవలేదు. ఆయన వెళ్ళిన తరువాత, ఆయన వెనుక వెళ్ళి అదే పాత్రలో త్రాగాను. చర్చి అంతా నన్నే చూసింది. చూడాలనే నేను చేశానేమోనన్న అనుమానం వెనక్కి నడుస్తున్నప్పుడే కలిగింది. మార్కు వ్రాసిన ఆ ఘట్టంలోనే, స్వస్థత పొందినవాడితో యేసు ఈ సంగతి ఎవరితోనూ చెప్పవద్దన్నాడు. మంచిపనిలో కలిసిపోయే ప్రదర్శన బుద్ధిని వేరుచేయడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. అయినా ఒక మేలు జరిగింది. ఆ తరువాతి నెల ఒక ముసలమ్మ ఆయన కంటే వెనుక వచ్చింది. ఆమె నన్ను చూసి చేసిందో, తన ఇష్టంతో చేసిందో. (ఇప్పుడు చాలా సంఘాలలో ఎవరి చిన్న గిన్నె వారికి ఇస్తున్నారు. జలుబు, దగ్గు వ్యాపించకుండా అదే మేలని వైద్యుడిగా నేనూ అంటాను.)

ఇక ఈ వ్యాధి సంగతి. చర్మం మీద రంగు తగ్గిన లేదా ఎర్రబారిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే, చేతులలో గాని కాళ్ళలో గాని మొద్దుబారినట్లు ఉంటే, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. మందులు ఉచితం. మచ్చల సంఖ్యను, నరాల స్థితిని బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే వ్యాధి నయమవుతుంది, చికిత్స మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు సోకడం ఆగిపోతుంది. మందు వలన మూత్రం ఎర్రగా రావచ్చు, చర్మం నల్లబడవచ్చు, భయపడి మానవద్దు. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణంగా చూపే వీలు మన దేశ చట్టాలలో 2019 వరకు ఉండేది. చట్టం మారింది.

నా పాదాల సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా మధుమేహం ఉంది, నాలుగేళ్ళుగా అరికాళ్ళకు స్పర్శ తగ్గింది. పోయిన వేసవిలో చెప్పులో చిన్న మేకు ఉన్నా తెలియక సాయంత్రం వరకు తిరిగాను. సాక్సు మీద రక్తం చూసి మా ఆవిడ కేక వేస్తే తెలిసింది. అప్పటి నుండి రాత్రి తొమ్మిదింటికి ఆమె టార్చి తెచ్చుకొని, నా పాదాలను ఒడిలో పెట్టుకొని, వేళ్ళ సందులు, మడమలు, అరికాళ్ళు వెతికి చూస్తుంది. మొదట వద్దన్నాను, నేనే అద్దంలో చూసుకుంటానన్నాను. భార్య చేత కాళ్ళు పట్టించుకోవడమేమిటని సిగ్గు. మీ పేతురు కూడా ఇలాగే వద్దన్నాడులెండి, కాళ్ళు చాపండి, అన్నది ఆమె. తొమ్మిది కావస్తున్నది. టార్చిలో బ్యాటరీ అయిపోయినట్లుంది, వంటింట్లో సొరుగులన్నీ తీసి వెతుకుతున్న చప్పుడు వినబడుతున్నది.