ఆసు పోసిన చేయి

నేత ఊరు పుట్టపాకలో ఓ ఇంటి వసారాలో ఆసు పోస్తుంటే, అంటే నేతకు ముందు దారాన్ని చీలలకు చుడుతుంటే, చాలాసేపు నిలబడి చూశాను. అర్ధచంద్రంలా వరుసగా చీలలు. వాటి మీదుగా దారంతో చేయి పోతూ, వస్తూనే ఉంటుంది. చీరకు కొన్ని వేలసార్లు. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకే కదా, చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం చేశారు! 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

మగ్గం నీడన పెరిగి మోటారు పట్టిన మనిషిని నేతగాడనాలా, యంత్రకారుడనాలా? ఎంత లాగితే దారం తెగుతుందో తెలిసిన వేళ్లే ఆ యంత్రానికి కొలతలు చెప్పాయని నా నమ్మకం. అలాంటి నేత ఇళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు హైదరాబాదులో ఫోన్ తెరలకు డిజైన్లు గీస్తున్నారు. దరఖాస్తులో వృత్తి అన్నచోట ఏం రాస్తారో వాళ్లను అడగాలనుంది.