నోటుబుక్కులో ఇద్దరు

ఈ సెమిస్టరులో మాకు ఆర్థికశాస్త్రం అలైడ్ పేపరుగా ఉంది. షేర్ మార్కెట్టు అంటే నాకు టీవీలో కింద పరుగెత్తే అంకెలే తెలుసు. ఒకరోజు మేడమ్ యూజీన్ ఫామా అనే అమెరికా ఆర్థికవేత్త గురించి చెప్పారు. 1970లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం, మార్కెట్టు సరిగ్గా పనిచేస్తే ఒక కంపెనీ గురించి తెలిసిన సంగతులన్నీ దాని షేరు ధరలో అప్పటికే కలిసిపోయి ఉంటాయట. 2013లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. వినడానికి బాగుంది. ధరే అన్నీ చెప్పేస్తే మనం ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు కదా!

తర్వాత మేడమ్ సత్యం కంప్యూటర్స్ కథ చెప్పారు. హైదరాబాదు కంపెనీ, పేరే సత్యం. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ డబ్బుతో ఛైర్మన్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొంటామన్నారు. వాటాదారులు గొడవ చేస్తే వెంటనే మానుకున్నారు. రెండు రోజులకు ఎవరో మారుపేరుతో ఒక డైరెక్టరుకు ఈమెయిల్ పంపారు, లెక్కల్లో మోసం ఉందని. అది చేతులు మారి ఆడిటర్ల దాకా వెళ్ళింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది.

నాకు ఒకటి తట్టింది. చెప్పినాక మార్కెట్టుకు ఒక్క పూట చాలింది. చెప్పకముందు ఏళ్ళకొద్దీ ఆ అబద్ధాన్నే ధర కట్టి అమ్మింది. అంటే ధరకు తనంతట తనకు ఏమీ తెలియదు. మనుషులు నోరు విప్పితేనే దానికి తెలుస్తుంది.

ఆ మాట అనుకోగానే నాకు మా వీధి చీటీ గుర్తొచ్చింది. ఇంతవరకు ఇది ఎవరికీ చెప్పలేదు.

నేను ప్లస్ టూ చదివేటప్పుడు మా వీధిలో ఒక ఆమె చీటీ నడిపేది. ఇరవై మంది, నెలకు రెండువేలు. నా చేతిరాత బాగుంటుందని నోటుబుక్కు నాతో రాయించుకొనేది. అందులో ఇద్దరు మనుషులు డబ్బు కట్టడానికి వచ్చింది నేను ఒక్కసారీ చూడలేదు. పాటకూ రాలేదు. అయినా మూడో నెల ఒకరు, ఐదో నెల ఒకరు చీటీ ఎత్తినట్టు నా చేతే రాయించింది. అడిగితే "వాళ్ళు ఫోన్లో పంపిస్తారమ్మా, నువ్వు రాయి" అంది. రాశాను.

ఇంట్లో అన్నాను. మా అమ్మ తమిళం, నాన్న తెలుగు. అమ్మ "ఉనక్కెదుక్కు వంబు?" అంది. నాన్న "మనకెందుకమ్మా ఊళ్ళో గొడవలు" అన్నాడు. రెండు భాషల ఇల్లు మాది, మాట మాత్రం ఒకటే.

పద్నాలుగో నెలలో ఆ ఇంటికి తాళం పడింది. మా అవ్వకు పాతికవేల దాకా పోయింది. అది పూలు కట్టి దాచుకున్న డబ్బు. అవ్వ రెండు రోజులు అన్నం తినలేదు. ఆ నోటుబుక్కులో ఉన్నది నా చేతిరాతే అని నాకు మాత్రమే గుచ్చుకుంటూ ఉండేది.

సత్యం తర్వాత చట్టాలు మారాయి. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షను ప్రకారం, షేర్ మార్కెట్టులో ఉన్న ప్రతి కంపెనీలోనూ తప్పు చూసినవాళ్ళు చెప్పుకోడానికి ఒక దారి ఉండాలి, చెప్పినవాళ్ళను వేధించకూడదు. మంచిదే. కానీ మా వీధి చీటీకి ఏ సెక్షనుంది? అక్కడ చూసినది నేను ఒక్కదాన్నే.

అలా అనుకొనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. గోడపత్రికకు ఇచ్చేముందు అవ్వకు చదివి వినిపించాను. అవ్వకు తెలుగు మాట్లాడ్డమే వస్తుంది, చదవడం రాదు. కోప్పడుతుందనుకున్నా. కాసేపు పూలు కడతానే ఉండి, "నాకూ అనుమానమే ఉండె పాపా. ఆ ఇద్దర్నీ నేనెప్పుడన్నా చూస్తినా? అందరూ కడతా ఉండారే, నేనొకతే అడిగితే ఏమనుకొంటారో అని ఊరకుంటిని" అనింది.

అవ్వ నన్ను చూసి నమ్మింది, నేను పెద్దవాళ్ళను చూసి నమ్మాను. ఇంకా ఎంతమందికి అనుమానం ఉండెనో! ఒకరు గట్టిగా అడిగి ఉంటే మూడో నెలలోనే తేలిపోయేది. పరీక్షలో ఫామా సిద్ధాంతం మీద ప్రశ్న వస్తే పుస్తకంలో ఉన్నదే రాస్తాను. ఇక్కడ మాత్రం ఇది రాయాలనిపించింది.

పోయిన నెల అవ్వ మళ్ళీ ఒక చీటీలో చేరింది. ఈసారి నోటుబుక్కు నేను రాయడం లేదు. కానీ మొదటి నెలే వెళ్ళి, ఇరవై పేర్లూ పైకి చదివించి, ఎవరెవరో చూపించమని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది. అయినా చూపించింది.