పెరట్లో పచ్చ నీళ్లు

అమెరికాలో పిల్లలు ఇల్లు కొన్నారంటే ముందుగా మనకు వచ్చేవి ఫొటోలు. వంటగది, పైన పడగ్గదులు, రెండు కార్లు పట్టే గరాజు... డల్లాస్ చుట్టుపక్కల అయితే చాలాసార్లు ఆఖరి ఫొటోలో పెరట్లో నీలంగా మెరిసే స్విమ్మింగ్ పూల్ కూడా ఉంటుంది. బంధువులంతా మురిసిపోయేది దాన్ని చూసే. ఆ నీలం దానంతటదే ఉండదనీ, ఎవరో ఒకరు రోజూ దాన్ని నిలబెడుతూ ఉండాలనీ ఫొటో చూస్తే తెలియదు.

నేను చూసేసరికి మా అమ్మాయి వాళ్ల పూల్ పచ్చగా ఉంది. లేత పచ్చ కూడా కాదు, అచ్చం గోంగూర పప్పు రంగు.

2023 వేసవిలో మా అల్లుడిగారి తమ్ముడి పెళ్లికని వాళ్లు ఇండియా వచ్చి ఐదు వారాలు ఉన్నారు. తిరుగు ప్రయాణంలో మేమిద్దరం కూడా వాళ్లతో బయల్దేరాం. వాళ్లు ఇక్కడ ఉన్నప్పుడు అక్కడ ఏదో గాలివానకి కరెంటు పోయి, పూల్ మోటారు బ్రేకర్ పడిపోయింది. మళ్లీ దాన్ని పైకెత్తే మనిషి లేడు. నీళ్లలో తేలే డబ్బాలో వేసి వెళ్లిన క్లోరిన్ బిళ్లలు ఎప్పుడో కరిగిపోయాయి. జూన్ నెలాఖరు, 38, 40 డిగ్రీల ఎండ, కదలని నీళ్లు, రాలిన ఆకులు. నాచుకి ఇంతకంటే ఏం కావాలి?

అల్లుడుగారు రెండు కంపెనీల వాళ్లకి ఫోన్ చేశారు. ఒకళ్లు వచ్చే వారం తర్వాతే వస్తామన్నారు. రెండో వాళ్లు నీళ్లన్నీ తోడి పారబోసి, గోడలు కడిగి, మళ్లీ నింపాలన్నారు. ఖర్చు వెయ్యి డాలర్ల పైమాటే. "బాబూ, నీళ్లు మాత్రం తోడించకండి" అన్నాను. డల్లాస్ కింద ఉన్నది మన రేగడి లాంటి నల్లమట్టే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. లోపలి నీళ్ల బరువు తీసేస్తే చుట్టూ ఉన్న మట్టి, కింద ఉన్న నీరు కలిసి ఆ కాంక్రీటు తొట్టిని ఎంత పనైనా చేస్తాయి. పైగా అక్కడ ఉన్నవి 15 వేల గ్యాలన్లు. మన లెక్కలో దాదాపు 57 వేల లీటర్లు.

"మరి మీరు చేయగలరా మావయ్యగారూ?" అన్నారాయన కొంచెం మొహమాటంగా.

మా అమ్మాయి నవ్వింది. "నీళ్ల నుంచి నువ్వు రిటైరయ్యావు గానీ, నీళ్లు నిన్ను వదిలిపెట్టవు నాన్నా" అంది. నిజమే. కృష్ణా డెల్టాలో ఒక మున్సిపాలిటీ మంచినీటి విభాగంలో 31 ఏళ్లు పనిచేశాను. వేసవిలో కాలువలు కట్టేసేముందు మంచినీళ్ల చెరువు నింపుకుని, ఆ నీళ్లతోనే ఊరంతా నెట్టుకురావడం, మే నెలకల్లా ఆ చెరువు పచ్చబడటం, బ్లీచింగు డ్రమ్ముల మధ్య మేం పరుగులు పెట్టడం... ఏటా ఉన్నదే.

వచ్చిన సాయంత్రమే ఒక చిన్న సంగతి జరిగింది. మా మనవడికి నాలుగేళ్లు. వాడి చేతిలోని పసుపు రంగు కారు బొమ్మ జారి పూల్ మొదటి మెట్టు మీద పడింది. మొదటి మెట్టంటే నీళ్లకి జానెడు లోపల. బొమ్మ కనపడలేదు. నేను చెయ్యి పెట్టి తడిమితే గానీ దొరకలేదు. వాడు కిలకిలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను మూడో తరగతి చదివేటప్పుడు మా ఊళ్లో నా పక్కన కూర్చునే పిల్లాడు ఒకడు మధ్యాహ్నం నుంచి కనపడకుండా పోయాడు. ఊరంతా వెతికారు. పొలాలు, రైలుకట్ట, పక్క ఊరు వెళ్లే బస్సులు కూడా చూశారు. చెరువు గట్టు మీద పదిసార్లు తిరిగారు. నీళ్ల మీద నాచు తివాచీలా పరుచుకుని ఉంది, ఎక్కడా చెదిరినట్టు లేదు. వాడు మెట్ల పక్కనే, రెండు బారల దూరంలో ఉన్నాడని చీకటి పడ్డాక తెలిసింది. వాళ్లమ్మ అదే మెట్ల మీద నిలబడి రెండుసార్లు పేరు పెట్టి పిలిచి వెళ్లిందట.

అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునిగిపోవడమేనని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చెబుతుంది. జబ్బులూ కారు ప్రమాదాలూ దాని తర్వాతే. నీళ్లు తేటగా ఉంటే కిటికీలోంచి ఒక్క చూపుతో అడుగు కనపడుతుంది. పచ్చ నీళ్లలో ఏముందో పక్కన నిలబడ్డా తెలియదు. ఆ రాత్రే పెరటి తలుపుకి పిల్లాడికి అందనంత ఎత్తున ఇంకో గడియ బిగించమన్నాను. అల్లుడుగారు ప్రయాణం బడలికలో కూడా మారుమాట్లాడకుండా బిగించారు.

మర్నాడు పక్కింటి పెద్దాయన కంచె మీదుగా చూసి నాచు మందు సీసా ఒకటి ఇచ్చాడు. చదివి చూస్తే అందులో ఉన్నది రాగి. మన మైలుతుత్తం చుట్టమే. చెరువులకి మేం అదీ వాడాం గానీ, ఇక్కడ ఎక్కువైతే తెల్ల గోడలకి మరకలు పడతాయి. ఈతకొట్టే తెల్లవాళ్ల బంగారు రంగు జుట్టు పచ్చబడేది కూడా ఈ రాగి వల్లే. పాపం, నింద మాత్రం క్లోరిన్‌కి వస్తుంది. థాంక్స్ చెప్పి సీసా పక్కన పెట్టాను. దోమల బెంగ ఆయనది. అదీ న్యాయమే. 2012లో డల్లాస్ ప్రాంతంలో దోమల వల్ల వెస్ట్ నైల్ జ్వరం పాకి జనం చనిపోతే, విమానాలతో మందు చల్లాల్సి వచ్చింది.

నాచు మీద క్లోరిన్ ఎలా పనిచేస్తుందో అల్లుడుగారికి ఇలా చెప్పాను: అప్పులున్న ఇంటికి జీతం తెచ్చినట్టు. కొంచెం కొంచెం తెస్తే వచ్చింది వచ్చినట్టే అప్పులవాళ్లు పట్టుకుపోతారు, మర్నాటికి వడ్డీ పెరుగుతుంది. నాచు అంతే. రోజుకో చెంబు పోస్తే ఆ క్లోరిన్‌ని తినేసి, రాత్రికి రాత్రే పెరుగుతుంది. ఒక్కసారి గట్టిగా పోసి, తగ్గినప్పుడల్లా మళ్లీ అదే మట్టానికి తెచ్చి, బాకీ మొత్తం తీరేదాకా దాన్ని దించకూడదు. బావుల్లో బ్లీచింగు వేసేటప్పుడూ ఇదే సూత్రం. నీళ్లలోని మురికి తినగా మిగిలిందే మనకు పనికొచ్చే క్లోరిన్.

అయితే ఎంత గట్టిగా? అక్కడే నాకు మతిపోయింది. మా కొళాయిల చివర లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలితే చాలని మా లెక్క. ఈ పూల్‌కి 20 కావాలి. వంద రెట్లు! కారణం స్టెబిలైజర్ అనే మందు. ఎండకి క్లోరిన్ గంటల్లో ఎగిరిపోతుంది. అలా పోకుండా ఈ మందు దాన్ని పట్టుకుని ఉంచుతుంది. కానీ పట్టుకున్నంతసేపూ క్లోరిన్ చురుకు తగ్గుతుంది. ఇళ్లలో వేసే తెల్ల బిళ్ల కరిగితే దాని బరువులో సగానికి పైగా ఈ మందే మిగులుతుంది. ఎండకి పోదు, ఆరదు, ఏడాదికేడాది పేరుకుంటుంది. అందుకే ముందు దాన్ని కొలవాలి. గాజు గొట్టంలో అడుగున ఉన్న నల్ల చుక్క కనపడనంత దాకా నీళ్లు పోయడమే ఆ పరీక్ష. మాకు 50 వచ్చింది. అందులో 40 శాతం, అంటే 20 దగ్గర క్లోరిన్ నిలబెట్టాలి. ఈ పనికి బిళ్లలు వద్దు, ద్రవం క్లోరిన్ చాలు. పది శాతం బలం ఉన్నది ఒక గ్యాలన్ పోస్తే ఈ పూల్‌లో ఆరున్నర పెరుగుతుంది.

శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు సరిచేశాడు. ఇక అది రాత్రీ పగలూ ఆగకూడదు. మేం వలకర్రతో అడుగంతా గాలించాం. ఏమీ కనపడదు కాబట్టి గుడ్డివాటంగానే. రెండు బకెట్ల కుళ్లిన ఆకులు, చచ్చిన కప్ప ఒకటి వచ్చాయి. పీహెచ్ 7.2కి దించడానికి యాసిడ్ పోశాం, మన బాత్రూములు కడిగేదే. ఈ యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకచోట కలవనివ్వకూడదు, పక్కపక్కన దాచనూ కూడదు. కలిస్తే వచ్చేది విషవాయువు. అలాగే రకరకాల క్లోరిన్ పొడులూ బిళ్లలూ ఒకే డబ్బాలో వేస్తే పేలిన సందర్భాలున్నాయి. మా ఆవిడ కిటికీలోంచి "ఏవండీ, కళ్లద్దాలు!" అని అరుస్తూనే ఉంది.

పొద్దు వాలాక మూడు గ్యాలన్లు పోశాం. రెండు గంటల తర్వాత పరీక్షిస్తే 20 కాస్తా తొమ్మిదికి వచ్చింది. మళ్లీ పోశాం. తెల్లారేసరికి మూడు. అల్లుడుగారి ముఖం వాడిపోయింది. "ఇదంతా వృథాయేనా?" అన్నారు. వృథా కాదు, అది నాచు చచ్చిన లెక్క.

పరీక్ష భలే ముచ్చటగా ఉంటుంది. పది మిల్లీలీటర్ల నీళ్లలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. చుక్కకి అర మిల్లీగ్రాము. నలభై చుక్కలైతే 20 అన్నమాట. లెక్కపెట్టే ఉద్యోగం మనవడిది. కిచెన్ బల్ల మీద కూర్చుని "థర్టీ ఎయిట్, థర్టీ నైన్" అంటుంటే వాడికి తెలుగులో చెప్పించాలని మా ఆవిడ పట్టుదల. ముప్ఫై తొమ్మిది దగ్గర ఎప్పుడూ ఆగిపోయేవాడు.

రెండో రోజుకి రంగు వెలిసింది. మూడో రోజు నీళ్లు కుడితిలా బూడిద తెలుపుకి వచ్చాయి. చాలామంది ఇక్కడే గాభరాపడి ఇంకేదో మందు తెచ్చి పోస్తారు. నిజానికి అది చచ్చిన నాచు. ఇక పని క్లోరిన్‌ది కాదు, ఫిల్టర్‌ది. రోజూ చీపురులాంటి బ్రష్‌తో గోడలు, మెట్ల మూలలు, నిచ్చెన వెనక రుద్దాం. ఫిల్టర్ గేజి ముల్లు పైకెక్కినప్పుడల్లా విప్పి పైపుతో కడిగాం. మొదటిసారి కడిగినప్పుడు గోరింటాకు ముద్దలాంటిది వచ్చింది. మా ఆవిడ ఆ నీళ్లు తన కరివేపాకు మొక్క దరిదాపులకి రానివ్వలేదు.

ఇంతటి తతంగం ఇళ్లకే అనుకోకండి. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ పూల్ ఉన్నట్టుండి పచ్చబడి ప్రపంచమంతా చూసింది గుర్తుందా? ఎవరో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు. అది క్లోరిన్‌ని విరిచేసింది. అంతటివాళ్లకే తప్పలేదు.

నీళ్లు తేటపడగానే ఆపేయొచ్చా అని అల్లుడుగారు అడిగారు. కంటికి తేటగా ఉన్నంత మాత్రాన సరిపోదు. పొద్దు గుంకాక ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి కొలవాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి, క్లోరిన్ తగ్గితే లోపల ఇంకా ఏదో తింటోందన్నమాట. ఒకటికి మించి తగ్గకూడదు. ఐదో రాత్రి మూడు తగ్గింది. ఆరో రాత్రి ఒకటిన్నర. ఏడో రాత్రి నలభై చుక్కలు, తెల్లవారుజామున ముప్ఫై తొమ్మిది. అంటే తగ్గింది అర. అప్పటికి 22 గ్యాలన్లు ఖర్చయ్యాయి, కంపెనీవాళ్లు చెప్పిన దాంట్లో అది చిన్న ముక్క.

ఆ అంకె మామూలుకి దిగేదాకా ఇంకో మూడు రోజులు ఎవర్నీ నీళ్లలోకి దిగనివ్వలేదు. పెరటి తలుపుకి, తీయగానే మోగే గంట కూడా అల్లుడుగారే తెచ్చి పెట్టారు. పై వారం నుంచి పిల్లాడికి ఈత క్లాసులకి డబ్బు కట్టారు.

ఆదివారం పొద్దున నా పర్సులో మిగిలిన ఐదు రూపాయల బిళ్లని మూడున్నర అడుగుల లోతులోకి వేశాను. నా కళ్లకి మెరుపు మాత్రమే కనపడింది. మనవడు గట్టు మీద బోర్లా పడుకున్నాడు, వాడి నిక్కరు పట్టీ నా గుప్పిట్లో ఉంది. "తాతయ్యా, లయన్స్!" అన్నాడు. ఎన్ని అని అడిగాను. కాసేపు చూసి, వాళ్లమ్మమ్మ వింటోందని గుర్తొచ్చిందేమో, "మూడు" అని తెలుగులోనే చెప్పాడు.